డెబ్బై ఆరో వంతు ఇంజన్

ఒక ఆవిరి ఇంజన్ బరువు 48 టన్నులు. దాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ డెబ్బై ఆరో వంతుకు తగ్గించి, అవే లోహాలతో, అదే నిష్పత్తిలో నీళ్లూ బొగ్గూ నింపి చిన్న ఇంజన్ చేస్తే ఎంత తూగుతుంది? చప్పున నోటికొచ్చే జవాబు 600 కిలోల పైచిలుకు. సరైన జవాబు దాదాపు 110 గ్రాములు. కొలత ఒక్క దిశలో కాదు, మూడు దిశల్లోనూ తగ్గింది. అందుకని 76ను 76తో, మళ్లీ 76తో గుణించి, వచ్చిన నాలుగు లక్షల చిల్లరతో భాగించాలి.

ఈ లెక్కలోని ఇంజన్ ఊహ కాదు. బ్రిటన్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1929లో తెచ్చిన 5700 తరగతి ట్యాంక్ ఇంజన్ అది. 1950 దాకా ఈ తరగతిలో 863 ఇంజన్లు తయారయ్యాయి. ఆరు చక్రాలు, ఇంజన్ మీదే నీళ్ల ట్యాంకులు, వెనుక వేరే టెండర్ ఉండదు. యార్డుల్లో వ్యాగన్లు సర్దడం, బ్రాంచి లైన్లలో రెండు మూడు పెట్టెలు లాగడం దీని పని. ఇత్తడి రేకులతో మోడల్ ఇంజన్లు కట్టే అలవాటు బాగా వేళ్లూనుకున్న దేశం బ్రిటన్. అక్కడి ఔత్సాహికులు చాలామంది ఇలాంటి చిన్న ట్యాంక్ ఇంజన్‌తోనే మొదలుపెడతారు.

పక్కనుంచి చూసేవాళ్లకు ఇది ఓపికతో చేసే బొమ్మల పనిలా ఉంటుంది. నాకు మాత్రం ఇందులో అడుగడుగునా భౌతికశాస్త్రమే కనిపిస్తుంది. డ్రాయింగు మీద ప్రతి కొలతనూ 76తో భాగించవచ్చు. కానీ ఘర్షణను, వేడి పారే తీరును, తలతన్యతను, గురుత్వాన్ని అలా భాగించలేం. కొలత మారినా వాటి నియమాలు మారవు. రేకు ఎంత మందం ఉండాలి, టంకం ఎంత వేడికి కరగాలి, ఇరుసుకు ఎంత వదులు ఇవ్వాలి, ఎక్కడ సీసం నింపాలి అన్న నిర్ణయాలన్నీ, చిన్నబోవడానికి ఒప్పుకోని ఆ నియమాలతో కుదుర్చుకునే ఒప్పందాలే.

పని మొదలయ్యేది అసలు ఇంజన్‌ను అర్థం చేసుకోవడంతో. 5700 తరగతి బాయిలర్‌కు రెండు పక్కలా రెండు పొడవాటి పెట్టెల్లాంటి ట్యాంకులు వేలాడుతుంటాయి. గుర్రం వీపుకు రెండు వైపులా వేసే సంచుల పేరు మీద వీటిని పానియర్ ట్యాంకులు అంటారు. అంతకుముందు చాలా ఇంజన్లకు బాయిలర్ మీద జీనులా వంగిన ఒకే ట్యాంకు ఉండేది. బెల్జియం ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బెల్పెయిర్ రూపొందించిన చదరపు భుజాల ఫైర్‌బాక్స్‌ను గ్రేట్ వెస్టర్న్ చేపట్టాక, గుండ్రంగా వంగిన ట్యాంకు దాని మీద కుదరలేదు. దాంతో ట్యాంకు రెండుగా విడిపోయి పక్కలకు జరిగింది. ట్యాంకులు కిందిదాకా రాకపోవడంతో, ఫ్రేముల మధ్య ఉన్న యంత్రభాగాలకు నూనె పోయడం కూడా తేలికైంది. మోడల్ కట్టేవాళ్లకు ఈ చరిత్ర ఎంతో అవసరం. బాయిలర్ కిందా ట్యాంకుల కిందా ఖాళీ ఉందనీ, అందులోంచి అవతలి వెలుతురు కనబడాలనీ దీనివల్లే తెలుస్తుంది. ఆ ఖాళీలో మోటారు అడ్డంగా కనిపించిందంటే, మిగతా ఇంజన్ ఎంత కచ్చితంగా ఉన్నా కంటికి ఆనదు.

ఇక కొలతలకు వద్దాం. బ్రిటిష్ మోడల్ రైల్వేల్లో ఎక్కువగా వాడే స్కేలులో అసలు ఇంజన్ మీది ఒక అడుగు మోడల్ మీద 4 మిల్లీమీటర్లు అవుతుంది. నిష్పత్తిలో చెప్పాలంటే 1:76.2. అసలు పట్టాల మధ్య దూరం 1435 మి.మీ. దాన్ని 76.2తో భాగిస్తే 18.83 మి.మీ. రావాలి. అయితే దుకాణాల్లో దొరికే ‘ఓఓ’ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మాత్రమే. ఇంత తేడా ఎందుకొచ్చిందంటే, కుదించడానికి ఒప్పుకోని వస్తువు ఒకటి మొదట్లోనే అడ్డొచ్చింది. 16.5 మి.మీ. పట్టా నిజానికి అడుగుకు 3.5 మి.మీ. లెక్కకు సరిపోయేది. బ్రిటిష్ ఇంజన్లు అమెరికా, జర్మనీ ఇంజన్ల కన్నా సన్నగా, పొట్టిగా ఉంటాయి. 1920ల నాటి మోటార్లు ఆ చిన్న బాయిలర్లలో పట్టేవి కావు. దాంతో పట్టాను అలాగే ఉంచి, పైనున్న ఇంజన్‌ను మాత్రం 4 మి.మీ. స్కేలుకు పెంచారు. వందేళ్ల కిందటి ఒక మోటారు పరిమాణం ఇప్పటికీ బ్రిటిష్ మోడల్ ఇంజన్లను ఇరుకు కాళ్ల మీద నిలబెడుతోంది.

దీన్ని ఒప్పుకోలేని వాళ్లు కొందరు 18.2 మి.మీ. దగ్గర ఆగారు. మరికొందరు 1960ల్లో పట్టా వెడల్పు, చక్రం అంచు, పాయింట్ల దగ్గరి సందు అన్నీ అసలు కొలతల నుంచే లెక్కగట్టి 18.83 మి.మీ. పద్ధతిని తయారుచేశారు. దాన్నే పీ4 అంటారు. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., అంటే ఐదున్నర అడుగులు. అడుగుకు 4 మి.మీ. చొప్పున సరిగ్గా 22 మి.మీ. వస్తుంది. మన రైల్వేల డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజన్ లాంటిదాన్ని ఇదే స్కేలులో కట్టాలనుకున్నవాళ్లు అంత వెడల్పు పట్టాను సొంతంగా వేసుకోవలసిందే. విశాలమైన ఆ నిలకడే మన ఇంజన్ల అందం కాబట్టి, 16.5 మి.మీ. పట్టా మీద నిలబెట్టిన డబ్ల్యూపీని డబ్ల్యూపీ అనడానికి నాకు మనసు రాదు.

అసలు ఇంజన్ ఉక్కుది. దానిలో ఇత్తడి ఉండేది అక్కడక్కడే. అలాంటప్పుడు మోడల్‌ను ఇత్తడితో ఎందుకు కడతారు? ఇత్తడి తుప్పు పట్టదు. పల్చటి రేకుగా సాగుతుంది, వంచితే వంగినచోట నిలుస్తుంది, ఆకురాయికి లొంగుతుంది, టంకాన్ని చక్కగా పట్టుకుంటుంది. వీటన్నిటికీ మించి, రసాయనంతో దాన్ని కావలసిన ఆకారానికి కోయవచ్చు. ఈ అభిరుచిని ఇంతమందికి అందుబాటులోకి తెచ్చింది ఈ చివరి గుణమే.

ఆ కోతను ఎచింగ్ అంటారు. పావు మిల్లీమీటరు నుంచి అర మిల్లీమీటరు లోపు మందమున్న ఇత్తడి రేకుకు రెండు వైపులా కాంతికి స్పందించే పూత పూస్తారు. భాగాల బొమ్మలున్న ఫిల్ములను రెండు వైపులా కచ్చితంగా ఎదురెదురుగా అమర్చి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. ఆ తర్వాత పూత కొన్నిచోట్ల గట్టిగా నిలుస్తుంది, కొన్నిచోట్ల కడిగితే పోతుంది. పూత పోయినచోట ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం ఇత్తడిని తినేస్తుంది. ఫెర్రిక్ అయాన్లు రాగి, జింకుల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటాయి, లోహం ద్రావణంలో కలిసిపోతుంది. రెండు వైపులా పూత లేనిచోట రేకు పూర్తిగా తెగుతుంది. ఒకవైపే లేనిచోట సగం లోతు దాకా తింటుంది.

ఈ సగం కోతలోనే ఉంది తెలివంతా. వంచాల్సిన గీత వెంట సగం మందం తినిపిస్తే, గీత లోపలివైపుకు వచ్చేలా వంచినప్పుడు రేకు చక్కగా తొంభై డిగ్రీలకు మడతపడుతుంది. చక్రాల పైన ఉండే పలక అంచును, క్యాబ్ కిటికీ చుట్టూ ఉండే పట్టీని ఎత్తుగా మిగల్చడానికీ సగం కోతే వాడతారు. రివెట్ల విషయం ఇంకా బాగుంటుంది. రేకు వెనుకవైపు వరుసగా చిన్న గుంటలు తినిపించి ఉంచుతారు. కట్టేవాళ్లు మొనదేలిన పంచ్‌ను ఒక్కో గుంటలో పెట్టి నొక్కితే ముందువైపు బొడిపె లేస్తుంది. జనగామ జిల్లా పెంబర్తి శిల్పులు ఇత్తడి రేకు వెనుకనుంచి కొట్టి ముందువైపు బొమ్మలు తేల్చే పనిలో ఉన్న సూత్రం ఇదే. వాళ్ల చేతిలో దేవతల ముఖాలు తేలతాయి, ఇక్కడ అర మిల్లీమీటరు కూడా లేని రివెట్ తలలు తేలతాయి. ఒక్కటి వరుస తప్పినా పక్క వెలుతురులో కన్ను నేరుగా దాని మీదకే పోతుంది. అందుకే రివెట్లు నొక్కే పనిని సాయంత్రం అలసటలో చేయవద్దని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ మాటను తలకెక్కించుకోవడం మంచిది.

ఎచింగ్‌కు తనదైన లోపం ఒకటుంది. ద్రావణం లోతుకే కాదు, పక్కలకూ తింటుంది. రెండు వైపులనుంచి తిని మధ్యలో కలిసినచోట, రేకు అంచు మధ్యన సన్నటి కత్తివాదర మిగిలిపోతుంది. భాగాన్ని రేకు చట్రం నుంచి కోసి తీశాక, ఆ వాదరను ఆకురాయితో తీసేస్తే తప్ప రెండు అంచులు సరిగ్గా కలవవు. కలవని అంచుల మధ్య టంకం నింపి సరిపెట్టాలనుకుంటే, టంకం భౌతికశాస్త్రం దగ్గర దొరికిపోతాం.

టంకం రెండు ముక్కల మధ్య జిగురులా అంటుకోదు. కరిగిన టంకంలోని తగరం రాగితో చర్య జరిపి, రెండు లోహాల సరిహద్దున పల్చటి కొత్త మిశ్రమ పొరను ఏర్పరుస్తుంది. ఆ పొర ఏర్పడాలంటే మధ్యలో ఆక్సైడ్ ఉండకూడదు, ఇత్తడి కూడా టంకం కరిగేంత వేడెక్కాలి. ఇత్తడి బిందెలకు కళాయి వేసేవాళ్లు నవాసాగరం చల్లి, వేడి మీద తగరాన్ని దూదితో పూయడం చూసిన తరం మనలో ఇంకా ఉంది. నవాసాగరం చేసిన పనే ఇక్కడ పలచటి ఫాస్ఫారిక్ ఆమ్లం చేస్తుంది. అది ఆక్సైడ్‌ను కరిగించి శుభ్రమైన లోహాన్ని బయటపెడుతుంది. ఆ వెంటనే తలతన్యత పనిలోకి దిగుతుంది. రెండు రేకుల మధ్య సందు వెంట్రుకవాసి ఉంటే కరిగిన టంకం కేశనాళికా చర్యతో తనంతట తనే సందులోకి పరుగెత్తుతుంది. సందు ఎక్కువైతే కదలకుండా ముద్దగా మిగిలిపోతుంది. మంచి అతుకులో టంకం బయటికి కనబడదు.

చిక్కంతా వేడి దగ్గరే. ఇత్తడి వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. సోల్డరింగ్ ఐరన్ మొనతో ఒక చోట పెట్టిన వేడి క్షణాల్లో రేకంతా పాకిపోతుంది. ఇంజన్ చిన్నదైంది కాబట్టి ఒక అతుకుకూ మరో అతుకుకూ మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. కొత్త భాగాన్ని అతికించబోతే పక్కన అరగంట కిందట అతికించింది ఊడిపోతుంది. దీనికి రెండు విరుగుళ్లున్నాయి. మొదటిది వినడానికి తలకిందుల మాటలా ఉంటుంది: చిన్న పనికి చిన్న సోల్డరింగ్ ఐరన్ పనికిరాదు. తక్కువ శక్తి ఐరన్‌ను చాలాసేపు ఆనించి ఉంచాలి, ఈలోగా వేడి అంతటా వ్యాపిస్తుంది. 50 వాట్లు, అంతకు మించిన ఐరన్, కాస్త లావుపాటి మొన ఉంటే ఒకటి రెండు క్షణాల్లో అతుకు పడుతుంది, వేడి పారేలోపు ఐరన్ తీసేయవచ్చు.

రెండో విరుగుడు మెట్లుమెట్లుగా కరిగే టంకాలు. తగరం, సీసం కలిసిన మామూలు టంకం సుమారు 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ప్రధాన నిర్మాణమంతా దానితో కడతారు. పై భాగాలకు 145 డిగ్రీల దగ్గర కరిగేది వాడతారు. బిస్మత్ కలిసిన మరో రకం 70 డిగ్రీలకే కరుగుతుంది, వేడి నీళ్లలో వేసినా కారిపోతుంది. తగరం, సీసం, ఆంటిమొనీ మిశ్రమంతో పోసిన తెల్లలోహపు భాగాలు మామూలు టంకం కరిగే వేడికి ఇంచుమించు తామే కరిగిపోతాయి కాబట్టి వాటికి ఈ చివరి రకమే దిక్కు. అయితే ఇది ఇత్తడిని సరిగా అంటుకోదు. ముందు ఇత్తడి మీద మామూలు టంకంతో కళాయి పూసి, ఆపైన దీన్ని వాడాలి. ఈ తక్కువ వేడి టంకాల్లో కొన్నింటిలో కాడ్మియం ఉంటుంది, దాని పొగ విషం. కిటికీ తెరిచి, గాలి ఆడే చోట పని చేయాలి, తర్వాత చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు.

పల్చటి రేకుతో చేయలేనివి కొన్నుంటాయి. పొగగొట్టం, డోము, వాల్వులు, క్యాబ్ లోపలి బాయిలర్ ముఖం మీది చిన్న చక్రాలు, మీటలు పోతపోసి తేవలసిందే. మైనంతో అసలు రూపం చేసి, చుట్టూ పింగాణీ లాంటి పదార్థం పోసి గట్టిపరచి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు మైనపు దారాలతో నెమళ్లను, ఏనుగులను చేసే డోక్రా కళ కూడా మైనం పోగొట్టే పోతే. ఈ పద్ధతిలో వచ్చిన వాల్వు చక్రం ఆకుల మధ్యలోంచి అవతలివైపు కనిపిస్తుంది. అచ్చులో పోసిన తెల్లలోహానికి ఆ పదును రాదు. డబ్బు చూసుకుని ఎక్కడో ఒకచోట తగ్గాల్సి వస్తే, పొగగొట్టం దగ్గర మాత్రం తగ్గవద్దని నా సలహా. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్ ముఖం దాని పొగగొట్టంలోనే ఉంటుంది.

పైభాగం ఎంత బాగున్నా, ఇంజన్ సాఫీగా నడవకపోతే కట్టినవాళ్లకు నిద్ర పట్టదు. 5700 తరగతిలో ముందు ఇరుసుకూ మధ్య ఇరుసుకూ మధ్య 7 అడుగుల 3 అంగుళాలు, మధ్యదానికీ వెనుకదానికీ 8 అడుగుల 3 అంగుళాలు. మోడల్‌లో 29 మి.మీ., 33 మి.మీ. ఈ దూరాలూ, చక్రాలను కలిపే కప్లింగ్ రాడ్ల రంధ్రాల మధ్య దూరాలూ పోలిక తప్పకూడదు. నూరో వంతు మిల్లీమీటర్లలో కొలిచి రెండింటినీ సరిచేయడం ఇంటి బల్ల మీద అయ్యే పని కాదు, ఆ అవసరమూ లేదు. ముందు రాడ్లు తయారుచేసి, మొన సన్నగా ఉండే పొడవాటి ఇరుసులకు ఆ రాడ్లనే తొడిగి, బేరింగులను అవి చూపిన చోటే అతికిస్తారు. కొలవడం మానేసి ఒకదాన్ని మరోదానికి కొలబద్దగా వాడే ఈ ఉపాయం నన్ను ఎప్పుడూ మురిపిస్తుంది.

చక్రాలను ఇరుసుకు ఎక్కించేటప్పుడు ఒక పక్క క్రాంక్ రెండో పక్క క్రాంక్‌కు 90 డిగ్రీల తేడాతో ఉండాలి. అసలు ఇంజన్లో దీనికి కారణం ఆవిరి. ఒకవైపు పిస్టన్ కొసకు చేరి తోయలేని స్థితిలో ఉన్నప్పుడు, రెండోవైపు పిస్టన్ నడిమధ్యలో ఉండి పూర్తి బలంతో తోస్తుంది. మోడల్‌లో ఆవిరి లేకపోయినా అవసరం ఉంది. మోటారు ఒక్క ఇరుసునే తిప్పుతుంది, మిగతా రెండిటికీ కదలిక రాడ్ల ద్వారానే అందాలి. రాడ్డూ క్రాంకులూ ఒకే గీతలోకి వచ్చిన క్షణంలో ఎటు తిప్పాలో ఆ రాడ్డుకు తెలియదు. అప్పుడు రెండోవైపు రాడ్డే దారి చూపించాలి. ఇక్కడ సరిగ్గా 90 డిగ్రీలే ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. 88 అయినా ఫరవాలేదు, కానీ మూడు ఇరుసులకూ అదే 88 ఉండాలి.

చక్రం లోపలి అంచున పట్టా పక్కగా దిగి ఉండే పెదవిని ఫ్లాంజ్ అంటారు. బండి పట్టా తప్పకుండా కాపాడేది అదే. అసలు చక్రానికి అది మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ, కచ్చితమైన స్కేలులో 0.4 మి.మీ. కన్నా తక్కువ. ఇంటి పట్టాల్లో అంతకంటే ఎక్కువ ఎగుడుదిగుళ్లు ఉంటాయి. ఫ్రేము బిగుసుగా ఉండి ఆరు చక్రాలూ ఒకే తలంలో ఉంటే, పట్టా కాస్త తగ్గినచోట ఏదో ఒక చక్రం గాలిలో తేలుతుంది, ఆ చిన్న ఫ్లాంజ్ పట్టా దాటిపోతుంది. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద వేసినా ఊగదు, మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కనుక. మోడల్ కట్టేవాళ్లు అదే చేస్తారు. వెనుక ఇరుసును ఫ్రేముకు బిగిస్తారు. ముందు రెండు ఇరుసుల మీద పడవలా ఊగే కడ్డీని ఆనిస్తారు. ఒక చక్రం దిగితే ఇంకొకటి లేస్తుంది, ఆరూ పట్టా మీదే ఉంటాయి. ఇక్కడ ఇంకో లాభం ఉంది. కరెంటు వచ్చేది పట్టా నుంచే కాబట్టి, చక్రం పట్టాను వదలకపోతే ఇంజన్ మధ్యమధ్య ఆగదు.

వంపుల సంగతి వేరే. అసలు ప్రధాన మార్గాల్లో వంపుల వ్యాసార్ధం వందల మీటర్లు ఉంటుంది. ఇంట్లో వేసే తయారు పట్టాల్లో అందరూ వాడే ఒక వంపు వ్యాసార్ధం 438 మి.మీ. అసలు కొలతకు తెస్తే 33 మీటర్లు, ఏ ప్రధాన మార్గపు ఇంజనూ తిరగని వంపు. కాబట్టి మధ్య ఇరుసు పక్కలకు జరిగేలా వదులు ఉంచాలి. ఆ వదులుకు చోటివ్వడానికి బ్రేకు కడ్డీలు కాస్త పక్కకు జరగాలి. గది చిన్నదైనందుకు ఇంజన్ ఇలా సర్దుకుంటుంది.

మోటారు లెక్క చాలా తేలిక. అసలు ఇంజన్ చక్రం వ్యాసం 4 అడుగుల 7½ అంగుళాలు, మోడల్‌లో 18.5 మి.మీ. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 76.2తో భాగిస్తే సెకనుకు 22 సెంటీమీటర్లు. ఆ వేగానికి చక్రం నిమిషానికి సుమారు 226 సార్లు తిరగాలి. అసలు ఇంజన్లోనూ అంతే, వేగమూ చక్రమూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి కనుక. చిన్న మోటారు పూర్తి వోల్టేజీ దగ్గర నిమిషానికి 12,000 సార్లు తిరిగితే, మధ్యలో 53:1 గేరు కావాలి. అందుకే 50:1, 60:1 గేరుపెట్టెలకు అంత గిరాకీ.

ఇప్పుడు మొదట్లోని 110 గ్రాములకు వద్దాం. చక్రం జారకుండా ఇంజన్ ఎంత లాగగలదన్నది బరువు మీద, ఘర్షణ గుణకం మీద ఆధారపడుతుంది. ఘర్షణ గుణకం సుమారు ఐదో వంతు అనుకుంటే, 110 గ్రాముల ఇంజన్ 22 గ్రాముల బలంతో లాగుతుంది. వెనుక పెట్టెలూ అదే నిష్పత్తిలో తేలికవుతాయి కాబట్టి అది చాలాలి. చాలదు. అసలు పెట్టెను సమతలం మీద కదిలించడానికి దాని బరువులో వెయ్యింట రెండు మూడు వంతుల బలం సరిపోతుంది. చిన్న ఇరుసుల మీద, ఇరుకు వంపుల్లో మోడల్ పెట్టెకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. కాబట్టి ట్యాంకుల్లో, బాయిలర్లో సీసం నింపి ఇంజన్‌ను 200 గ్రాముల పైకి తెస్తారు. బరువు కేంద్రం చక్రాల మధ్యన పడేలా చూస్తారు.

ఆ సీసం విషయంలో ఒక హెచ్చరిక. సీసపు గుళ్లను తెల్లటి చెక్క జిగురుతో, అంటే పీవీఏతో అతికించి మూసేస్తే, కొన్నేళ్లకు ట్యాంకు పొంగి అతుకులు విచ్చుకుంటాయి. జిగురు నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని మెల్లగా శ్వేత సీసంగా మారుస్తుంది. అది మూల లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఎంతో శ్రమపడి కట్టిన ఇంజన్లను లోపలినుంచి చీల్చిన రసాయనం ఇది. ఎపాక్సీ వాడితే ఈ బాధ లేదు.

ఇంత చేసీ ఆవిరితోనే నడపకుండా కరెంటు ఎందుకని అడిగేవాళ్లుంటారు. బాయిలర్ కొలత 76 రెట్లు తగ్గితే లోపలి నీళ్లు నాలుగు లక్షల రెట్లకు పైగా తగ్గుతాయి. వేడిని బయటికి పోగొట్టే ఉపరితలం మాత్రం ఐదారు వేల రెట్లే తగ్గుతుంది. నీళ్లు త్వరగా చల్లారిపోతాయి, మంటకు చోటు ఉండదు. ఈ కారణంగానే ఆవిరితో నడిచే మోడల్స్‌ను చాలావరకు ఇంతకంటే పెద్ద స్కేలుల్లో కడతారు. హార్న్‌బీ సంస్థ 2003లో ‘మాలార్డ్’ ఇంజన్‌ను ఇదే చిన్న స్కేలులో నిజంగా ఆవిరితో నడిచేలా తెచ్చింది. దానిలోనూ మంట లేదు, పట్టాలనుంచి వచ్చే కరెంటుతోనే నీళ్లు మరిగేవి.

చివరిగా మిగిలేది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, చిన్నచిన్న వివరాల పని. బాయిలర్ పక్క చేతికడ్డీ అసలుది సుమారు 32 మి.మీ. లావు, మోడల్‌లో 0.42. ఆ లావు తీగ దొరుకుతుంది. ఇక్కడ సైన్సు మనవైపే ఉంది. క్యాబ్ రేకు దగ్గర ఎదురు తిరుగుతుంది. అసలు రేకు మందం ఆరేడు మిల్లీమీటర్లు, 76తో భాగిస్తే మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. అంత పల్చటి రేకు చేతి వేళ్లకే నలిగిపోతుంది. కాబట్టి బలం కోసం పావు మిల్లీమీటరు పైన రేకు వాడి, కిటికీ చుట్టూ, తలుపు పక్కన, కంటికి కనిపించే అంచును మాత్రం లోపలివైపు నుంచి అరగదీస్తారు. మందం అంతా అంతే ఉంటుంది, కన్ను మాత్రం పల్చటి అంచునే చూస్తుంది.

రంగు కూడా మందమే. మూడు నాలుగు పూతలు కలిసి పదో వంతు మిల్లీమీటరు అయితే, అసలు కొలతలో అది ఏడున్నర మిల్లీమీటర్ల పూత. నొక్కి నొక్కి తేల్చిన రివెట్లన్నీ దాని కింద మునిగిపోతాయి. అందుకే బ్రష్ కన్నా ఎయిర్‌బ్రష్ మీద ఆధారపడతారు. అంతకన్నా ముందు టంకంలో వాడిన ఆమ్లాన్ని పూర్తిగా కడిగి, ఇత్తడిని కాస్త తిని పట్టుకునే ఎచ్ ప్రైమర్ పూస్తారు. అది లేకుండా వేసిన రంగు గోటితో గీరితే ఊడొస్తుంది.

ఈ వివరాల పట్టుదల ఎంతదాకా పోతుందో చూడాలంటే, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలో పెండన్ మ్యూజియం ఉంది. దాన్ని రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన 1954లో స్థాపించారు. 1920, 30ల నాటి ఇంగ్లిష్ పల్లెసీమను 4 మి.మీ. స్కేలులో నిలబెట్టాలన్నది ఆయన సంకల్పం. అక్కడి ఇంజన్లలో ఎన్నిటినో కట్టిన గై విలియమ్స్ ఈ రంగంలో ఇప్పటికీ కొలమానం. ఒక ఇంజన్‌ను ఫలానా ఏడాదిలో ఎలా ఉండేదో అలాగే కట్టాలన్న పట్టుదల పెండన్‌ది. ఇంజన్ జీవితకాలంలో మారుతూ ఉంటుంది. 5700 తరగతిలోనే 1933 నుంచి వచ్చిన 8750 రకానికి క్యాబ్ పెద్దది. లండన్ భూగర్భ లైన్లలో తిరిగిన 9700 వరుస ఇంజన్లకు ఆవిరిని తిరిగి నీరుగా మార్చే గొట్టాలుండేవి. ఒక ఫోటోలో ఉన్న మెట్టు మరో ఫోటోలో ఉండదు. ఒక నంబరుకు ఒక తేదీని ఎంచుకుని, ఆ రోజుకు సరిపోయే ఫోటోలే పక్కన పెట్టుకోవాలి.

ఉదాహరణకు 7752 నంబరు ఇంజన్. 1930లో తయారై గ్రేట్ వెస్టర్న్ ఆకుపచ్చలో తిరిగింది. లండన్ ట్రాన్స్‌పోర్ట్ 1956 నుంచి 1963 మధ్య కొన్న 13 పానియర్ ట్యాంకుల్లో ఇదొకటి. అక్కడ దాని పేరు ఎల్94, రంగు ముదురు ఎరుపు. 1971 జూన్ 6న లండన్ ట్రాన్స్‌పోర్ట్ చివరి ఆవిరి బండిని లాగింది ఇదే. మోడల్‌కు అతికించే ఆఖరి భాగం క్యాబ్ పక్కనుండే నంబరు పలక. ఎచింగ్‌తో చేసిన చిన్న ఇత్తడి ముక్క అది. నల్లరంగు పూసి, ఎత్తుగా ఉన్న అంకెల మీద మాత్రం సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దుతారు. 7752 అన్న నాలుగు అంకెలు ఇత్తడి రంగులో బయటపడతాయి. ఇంజన్ మొత్తంలో రంగు కింద దాగకుండా ఇత్తడి ఇత్తడిలాగే కనిపించే చోట్లలో ఇదొకటి.